గీతల మామ

శాంతిపురానికి కొత్తగా బదిలీ అయి వచ్చినవాళ్లు 'గీతల మామ' అన్న పేరు విని, పొద్దున్నే స్నానం చేసి భగవద్గీత చదువుకునే పెద్దమనిషి కాబోలనుకుంటారు. ఎదురుపడితే దండం కూడా పెడతారు. మామ వద్దనడు. దండం పుచ్చుకోవడానికి ఖర్చేముంది?

గీతలున్నది ఆయన ఇంట్లో. నూనె సీసా మీద ఒక గీత, అది ఏ రోజుకు ఎంత దిగిందో చెప్పే చిన్న గీతలు దాని కింద. పేస్టు ట్యూబు మీద వారానికొకటి చొప్పున నాలుగు. ఫినాయిలు డబ్బాకు, తేనె సీసాకు, అత్త తలకు రాసుకునే కొబ్బరినూనెకు, అన్నింటికీ గీతలే. బియ్యం డబ్బాలో గీత నిలవదు కాబట్టి బియ్యం మీద తన అరచేయి ఒత్తి పెడతాడు. ఎవరైనా తనకు తెలియకుండా గిద్దెడు తీస్తే ఆ ముద్ర చెరిగి సాక్ష్యం చెబుతుంది. ఇంట్లో ఉన్నది ఆయన, అత్త, బళ్లో చదివే మనవడు. ఇందులో దొంగెవరో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మామను పిసినారి అంటే నేనొప్పుకోను. పిసినారి ఎంగిలిచేత్తో కాకిని తోలడంటారు. మా మామ తోలతాడు, ఎడమచేత్తో. తినకుండా దాచేవాడు ఒక జాతి. తింటూ లెక్క తేల్చేవాడు ఇంకొక జాతి. ఈ రెండో జాతివాళ్లు ఊరికొకరు ఉంటారు గానీ మా కుప్పం సీమలో వీధికొకరు దొరుకుతారు. వాళ్లలో మామ పెద్దపులి.

కరెంటు మీటరుతో ఆయనకున్న బంధం అచ్చం మామా అల్లుళ్ల బంధమే: నమ్మకం లేదు, చూడకుండా ఉండలేడు. 2022లో వచ్చిన రేట్ల స్లాబుల్లో ఇళ్లకు తొలి 30 యూనిట్ల దాకా యూనిట్ 1.90 రూపాయలు, అక్కణ్ణుంచి 75 దాకా 3 రూపాయలు, 76 నుంచి 4.50. తన పెళ్లిరోజు మరిచిపోయి అత్త చేత మాటలు పడతాడు గానీ ఈ అంకెలు నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. నెలలో ఆఖరి వారం వచ్చిందంటే సాయంత్రం బీడీ కాల్చుకునే నెపంతో మీటరు దగ్గర నిలబడతాడు. కాల్చడు, నోట్లో పెట్టుకుంటాడంతే. 70 దాటితే ఇల్లు కర్ఫ్యూ. మిక్సీ మూలకు పోయి రోలు బయటికొస్తుంది. చెనిక్కాయల ఊరిబిండి రోట్లో నూరితేనే రుచి అని ఆ వారమంతా ఉపన్యాసం. మనవడు పుస్తకాల సంచి తీసుకుని పంచాయతీ దీపం కింద అరుగు మీదికి చేరతాడు. వాడి ఎక్కాలన్నీ నెలాఖరులోనే బాగా వచ్చాయని పంతులుకు కూడా తెలుసు.

"76 కాలితే పొయ్యేది నాలుగున్నర రూపాయలే కదా మామా" అన్నానొకసారి.

"నాలుగున్నర కాదురా పొయ్యేది, మర్యాద" అన్నాడు.

ఆ మర్యాద ఎట్లా పోయిందో చెప్పాలి. ఒక నెల సరిగ్గా 74 దగ్గర ఆపాడు. మూడు రోజులు ఫ్యాను వేయనివ్వలేదు, అత్త చీర కొంగుతో విసురుకుంది. బిల్లు వచ్చింది. వాడుకున్న కరెంటు మామ లెక్క ప్రకారమే ఉంది, పైసా తేడా లేదు. దాని కింద ఇంకో వరస ఉంది: ఇంధన సర్దుబాటు చార్జీ. ఎప్పుడో ఏళ్ల కిందట కాల్చేసిన కరెంటుకు ఇప్పుడు కొసరు. మామ ఆ కాగితాన్ని దీపం కింద పెట్టి, ఎండలో పెట్టి, తిరగేసి చూశాడు. "పోయినోళ్లకు తద్దినం పెడతాం గానీ, పోయిన కరెంటుకు కూడానా?" అన్నాడు. ఆ రోజు రాత్రి రెండు దీపాలు అదనంగా వెలిగించి కూర్చున్నాడని అత్త చెప్పింది. కోపమంటే అదీ.

మీటరు పిచ్చి మనిషి చూపునే మార్చేస్తుంది. 2025 మే 25న మా మండలంలోనే శివపురం దగ్గర ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కొత్తింట్లో గృహప్రవేశం చేశారు. చూసినవాళ్లంతా ఇల్లు ఎంత బాగుందో చెప్పుకుంటుంటే, మామ ఆ దీపాలకేసి చూసి, "స్లాబ్ యాడిదాకా పోతాదో!" అని నిట్టూర్చాడు. పక్కనున్న మేస్త్రీ ఎగాదిగా చూసి, "గట్టిగానే ఏసినారులే అన్నా" అన్నాడు.

మూడు రాష్ట్రాలు కలిసే చోట ఇల్లుండటం ఇలాంటివాళ్లకు దేవుడిచ్చిన వరం. మా పక్క పెట్రోలు కర్ణాటక కంటే లీటరుకు ఆరేడు రూపాయలు ఎక్కువ. పన్నుల తేడా అది. హద్దు దాటి పోయించుకొచ్చేవాళ్లు మా దగ్గర బోలెడంతమంది. మామ ఎక్సెల్ బండికి ట్యాంకు నాలుగు లీటర్లు. నింపితే మిగిలేది పాతిక రూపాయలు, పోయిరావడానికి కాలేది అంతకు మించి. ఇది తెలియనంత అమాయకుడు కాడు. అందుకని పెట్రోలు కోసం ఎప్పుడూ పోడు. కేజీఎఫ్ వైపు మా చుట్టాలు చాలామంది. బంగారు గనులు నడిచిన రోజుల్లో పనికి పోయి అక్కడే పాతుకుపోయినవాళ్లు. వాళ్లింట్లో పుట్టినా, పోయినా, చెవులు కుట్టినా మామ హాజరు. కాకపోతే ట్యాంకు అడుగంటాకే హాజరు. ఒకసారి చావు కబురు వచ్చింది. బండిని పక్కకు ఒంచి చెవి ఆనించి విన్నాడు. లోపల గలగలమంది. "పదకొండో రోజుకు పోదాంలే, దినాలకు పోవడమే ముఖ్యం" అన్నాడు.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగు బస్సుల్లో టికెట్టు లేదన్నాక ఇంటి పెత్తనం ఒక్క పూటలో చేతులు మారింది. అంతకు ముందు కుప్పం పోవాలంటే మామే. మందులకు, బ్యాంకుకు, చెప్పు తెగితే కుట్టించడానికి అన్నిటికీ ఆయనే. ఇప్పుడు అత్త. ఆధార్ కార్డు బొడ్లో దోపుకుని పొద్దున్నే బస్టాండుకు. సాయంత్రం ఆమె తెచ్చిన జీరో టికెట్లను మామ తీసుకుని పాత క్యాలెండరు వెనక 'రాబడి' అన్న గడిలో టికెట్టు ధర వేస్తాడు. ఇవ్వని దుడ్లు వచ్చిన దుడ్లతో సమానమని ఆయన సిద్ధాంతం. ఆ లెక్కన వారంలో రెండుసార్లు పోతే రాబడి, నాలుగుసార్లు పోతే ఇంకా రాబడి. అత్త ఈ సిద్ధాంతాన్ని మనస్ఫూర్తిగా బలపరిచింది. ఆ నెలలో ఆమె గంగమ్మ గుడికి మూడుసార్లు, చెల్లెలింటికి నాలుగుసార్లు పోయొచ్చింది. రాబడి గడి నిండిపోయింది. దాని పక్క గడిలో గాజులు, పూలు, చెల్లెలి పిల్లలకు బిస్కెట్లు కూడా నిండాయి. మామ రెండు గడులూ కూడి చూసుకుని ఎవరితోనూ మాట్లాడకుండా పడుకున్నాడు.

ఇక గ్యాసు కథ. ఇది చెప్పకపోతే మామ గురించి ఏమీ చెప్పనట్టే.

దీపం పథకంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, నాలుగు నెలలకొకటి. ముందు మనం దుడ్లు కట్టాలి, తర్వాత బ్యాంకులో పడతాయి. 14.2 కిలోల గ్యాసు నాలుగు నెలలు లాగడం మామకు పెద్ద పని కాదు. మా ఊళ్లో పట్టుపురుగులు పెంచే ఇళ్లలో ఆకు పురుగులు తినేశాక మల్బరీ కట్టెలు కుప్పలు పడి ఉంటాయి. వాటిని ఏరి తెచ్చి పెరట్లో మూడు రాళ్ల పొయ్యి పెట్టించాడు. సంగటి కెలకడం, నీళ్లు కాగడం, ఉలవలు ఉడకడం అన్నీ అక్కడే. గ్యాసు పొయ్యి మీద కాఫీ మాత్రం. అదీ చుట్టాలొస్తే. సిలిండరుకు గీత గీయడానికి వీలుకాదని మొదట్లో మథనపడ్డాడు గానీ, తడిగుడ్డతో తుడిస్తే గ్యాసున్నంత మేర ఆలస్యంగా ఆరుతుందని ఎవరో చెప్పారు. వారం వారం తుడిచి, తడి ఆరని చోట సుద్దముక్కతో గీత గీశాడు.

2025 జూలై మూడో వారంలో గీత ఇంకా నడుం దగ్గరే ఉంది. మామ గర్వంగా ఆ సంగతి బజారులో చెబితే, టీకొట్టు దగ్గర ఒకాయన అన్నాడు: "ఈ నెలాఖరుకు నాలుగు నెలలు అయిపోతాయి గదన్నా. లోపల బుక్ చేసుకోకుంటే ఆ ఉచితం పాయె."

మామ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అట్లా ఆయన్ను నేను రెండుసార్లే చూశాను. ఉన్నది ఒకే సిలిండరు. ఖాళీది ఇస్తే గానీ నిండుది ఇవ్వరు. ఉచిత సిలిండరు వదులుకోవాలా, లేక సగం సిలిండరు వారంలో తగలేయాలా? నాలుగు నెలలు గ్యాసు మిగిల్చిన మనిషి ఇప్పుడు అదే గ్యాసు కాల్చడానికి దారులు వెతకవలసి వచ్చింది. నూటికి నూరుపాళ్లు పొదుపు చేసిన పాపానికి ఇంట్లో పండగ మొదలైంది.

మొదటి రోజు వడలు. రెండో రోజు ఓలిగలు. మూడో రోజు మురుకులు, నిప్పట్లు. ఆషాఢ మాసంలో ఓలిగల వాసనేమిటని వీధి వీధంతా తలుపులు తీసి చూసింది. కొత్త అల్లుడెవరైనా వచ్చాడా అంటే, ఆషాఢంలో అల్లుడు గడప తొక్కకూడదు కదా అని వాళ్లకు వాళ్లే చెప్పుకున్నారు. అల్లుడు తొక్కాడు, నన్నే పిలిచారు. ఓలిగ మీద నెయ్యి వేస్తూ అత్త, "గ్యాసు ఊరికే ఇస్తా ఉండారు సరే, బెల్లం, బేడలు, నూనె ఎవరిస్తారని అడుగు మీ మామను" అంది. మామ వినలేదు. సిలిండరు దగ్గర చతికిలబడి తడిగుడ్డ వేసి తుడుస్తున్నాడు. "ఇంకా జానెడుందే! పాయసం కూడా పెట్టు" అన్నాడు.

నా పెళ్లికి కూడా ఆ ఇంట్లో అన్ని పిండివంటలు జరగలేదు.

ఫోను సంగతి క్లుప్తంగా. మిస్డ్ కాల్ యుగం మామకు స్వర్ణయుగం. ఒక రింగు అంటే పాలవ్యాను వచ్చింది. రెండంటే బయలుదేరాను. మూడంటే అన్నం వండు. ఎత్తితే తప్పు. ఒకసారి నేను పొరపాటున రెండో రింగుకే ఎత్తాను, రూపాయి పోయిందని నెల రోజులు మాట్లాడలేదు. మాట్లాడకపోవడం వల్ల ఇంకో పదిహేను రూపాయలు మిగిలాయట. 2016లో జియో వచ్చి, ఎంత మాట్లాడినా ఒకటే దుడ్లన్నాక ఆయన సుఖం పోయింది. మాట్లాడని నిమిషమల్లా నష్టమే కదా! బెంగళూరులో ఉన్న కొడుకుకు రోజూ ఫోను. వాడు పనిలో ఉన్నానంటే, "నువ్వు పనిచేసుకో, నేను పెట్టనులే" అంటాడు. వాడి దగ్గర మిషన్ల చప్పుడు, ఇక్కడ మామ పళ్లు తోముకునే చప్పుడు, గంట సేపు.

ఇంత గీత గీసే మనిషి లెక్కల పుస్తకాలన్నీ ఒక వానాకాలం మధ్యాహ్నం నా చేతికి చిక్కాయి. పెళ్లిపత్రికల వెనక, క్యాలెండర్ల వెనక, బ్యాంకు వాళ్ల డైరీల్లో ముప్పై ఏళ్ల లెక్క. 'అగ్గిపెట్టె, 38 రోజులు వచ్చినది' అన్న మాట కింద రెండు గీతలున్నాయి. దాన్ని మెచ్చుకోబోతూ పేజీలు తిరగేస్తే ఒక సంగతి కనబడలేదు. ఆయన పొలంలో నాలుగు బోర్లు వేయించాడు. మా నేలలో వెయ్యడుగులు దిగినా దుమ్ము తప్ప రాని చోట్లున్నాయి, ఆయన బోర్లన్నీ అట్లాంటి చోట్లే పడ్డాయి. నెత్తురు చుక్క లేని ఆయన ముఖాన్ని నేను చూసిన ఇంకోసారి అదే. ఆ లెక్క ఏ డైరీలోనూ లేదు.

"బోర్ల దుడ్లు రాయలేదే మామా?"

మీగడ గీసిన గిన్నెను వేలితో తుడుస్తూ కాసేపు ఆగి, "అంత పెద్ద పుస్తకం దొరకలేదురా" అన్నాడు.

టమోటా లెక్క కూడా లేదు. ఆయన టమోటా వేసిన ఏడు మదనపల్లె యార్డుకు లారీ కిరాయి చేతి నుంచి పెట్టుకుని ఇంటికొచ్చాడు. విసుగొచ్చి చేను పీకేసి మల్బరీ నాటాడు. ఆ తర్వాత 2023 జూలైలో అదే యార్డులో మంచి కాయ కిలో నూట యాభై దాటింది. ఆ నెలంతా మామ ఇంట్లో చింతపండు రసమే. ధర పడిపోయాక బుట్టలకు బుట్టలు తెచ్చి, ఉప్పేసి, మిద్దె మీద ఒరుగులు పెట్టించాడు. అవి ఎన్ని ఆరాయో మాత్రం రాసిపెట్టాడు.

2025 ఆగస్టు ఆఖరులో హంద్రీ-నీవా కాలువలో కృష్ణ నీళ్లు కుప్పం మండలం పరమసముద్రం చేరాయి. శ్రీశైలం నుంచి ఎన్నో వందల కిలోమీటర్లు, ఎన్నో మెట్లు ఎక్కి వచ్చిన నీళ్లు. జనం పసుపు కుంకుమలతో పోయారు. అత్త జీరో టికెట్టు మీద పోయింది. మామ తన టికెట్టు తాను కొనుక్కుని పోయాడు. క్యాలెండరు వెనక ఆ ఖర్చు కనబడలేదని మనవడు నాకు చెవిలో చెప్పాడు. అందరూ దోసిట్లో తీసుకుని తల మీద చల్లుకుంటుంటే, ఈయన సంచిలోంచి ఐదు లీటర్ల క్యాను తీసి నిండా ముంచుకున్నాడు.

"ఏంది మామా, చేనుకా?"

"ఉండనీరా. మళ్లీ వస్తాయో రావో."

ఆ క్యాను ఇప్పుడు దేవుడి పటాల కింద ఉంది. పూజకు చెంచాడు కూడా తీయనివ్వలేదట. మొన్న పోయినప్పుడు వంగి చూశాను. నీళ్ల అంచున నల్ల గీత, దాని పక్కన తేదీ.