ప్లాటు కొని పడుకోవడం ఎలా

చేతిలో ఒక 40 లక్షలుండి, అవి బ్యాంకులో ఊరికే పడున్నాయే అని నిద్రపట్టనివారి కోసం ఈ చిట్కాలు. హైదరాబాదు చుట్టుపక్కల ఎక్కడైనా పనిచేస్తాయి. కష్టపడే అలవాటున్నవాళ్లు చదవనక్కర్లేదు.

1. ఆదివారం వెంచర్ వాళ్లు ఏసీ కారు పంపిస్తారు. ఎక్కండి, బిర్యానీ పెడితే తినండి, సైటు దగ్గర మాత్రం దిగకండి. ఎండ. పైగా బ్రోషర్‌లో క్లబ్‌హౌస్, ఈతకొలను ఉంటాయి. కిందికి దిగితే పత్తిచేను ఉంటుంది. రెంటిలో ఏది బాగుంటే అదే చూడాలి. ‘రీజనల్ రింగ్ రోడ్డుకు 10 నిమిషాలు’ అని రాసుంటే నమ్మండి. ఇంకా వేయని రోడ్డు మీద ట్రాఫిక్ ఎక్కడిది?

2. చెరువు పక్క స్థలాన్ని మే నెలలోనే చూడండి. నేల నెర్రెలిచ్చి, గేదెలు మేస్తూ, చూడముచ్చటగా ఉంటుంది. వానాకాలంలో వెళ్తే అనవసరంగా అనుమానాలొస్తాయి. చెరువు 25 ఎకరాలు దాటితే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటి హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్ అంటారు. టేపు పట్టుకుని కొలిచే ఓపిక మనకెక్కడిది? 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక కొందరు ఇలాంటి లెక్కలు అడగడం మొదలుపెట్టారు. మీరు అడగకండి. పక్కవాళ్లు ఇళ్లు కట్టుకున్నారా లేదా చూడండి, అంతే. గుంపులో గోవిందా.

3. ఫ్లాటయితే ప్రీలాంచ్‌లోనే కొనాలి. 500 చదరపు మీటర్ల స్థలం గానీ 8 ఫ్లాట్లు గానీ దాటిన ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ లేనిదే అమ్మకూడదు. నిజమే, కానీ నంబరు అడిగితే బిల్డరు చిన్నబుచ్చుకోడూ? రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా 10 శాతానికి మించి పుచ్చుకోకూడదని కూడా చట్టంలో ఉంది. మీరు నూటికి నూరూ ముందే కట్టేయండి. ఇక మిగతా 90 శాతం ఎలా సర్దాలన్న బెంగ ఉండదు. పని ఎప్పుడు మొదలవుతుందని అడిగితే ‘పర్మిషన్ వచ్చేస్తోంది సార్’ అంటారు. ఏటా ఒకేమాట మీద ఉండే మనుషులు ఈ రోజుల్లో ఎంతమంది?

4. కాగితాలు. ఇక్కడే చాలామంది డబ్బు తగలేస్తారు. ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు పట్టుకుని లాయరు దగ్గరికి వెళ్తే, ఫీజు తీసుకుని మరీ తప్పులు పడతాడు. అదే పని మధ్యవర్తికి అప్పజెప్పండి. రిజిస్ట్రేషన్ రోజునే అతని కమీషను కాబట్టి చకచకా చూసేస్తాడు, ‘క్లియర్ టైటిల్ అన్నా’ అనేస్తాడు. అసలు రిజిస్ట్రేషన్ మాత్రం ఎందుకు? తెలంగాణలో అన్నీ కలిపి ఏడున్నర శాతం. 40 లక్షలకు 3 లక్షలు. నోటరీ మీద, జీపీఏ మీద కానిచ్చేయండి. జీపీఏతో హక్కు రాదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది కానీ, 3 లక్షలు మిగలడం ఖాయం. ప్లాటు మిగలడం వేరే సంగతి.

5. రిజిస్ట్రేషన్ తప్పకపోతే కాగితం మీద ధర తక్కువ వేయించండి, మిగతాది సంచీలో ఇవ్వండి. రేపు అమ్మేనాడు కాగితం మీద మీ లాభం కొండంత కనిపిస్తుంది. దానికి పన్ను కడితే ఆదాయపన్ను శాఖ దగ్గర పరపతి పెరుగుతుంది.

6. ఫ్లాటు కొని అద్దెకివ్వడానికి 60 లక్షల అప్పు తీసుకోండి. ఎనిమిదిన్నర వడ్డీతో 20 ఏళ్లకు నెలకు 52 వేలు వాయిదా. వచ్చే అద్దె 21 వేలు. ఆ 31 వేల తేడా ఎవరిస్తారని అడక్కండి, ఉత్సాహం పోతుంది.

7. ఇక అద్దె మనుషులు. ఇందులోనే మీ తెలివి బయటపడాలి.

టు-లెట్ బోర్డు మీద ‘ఫ్యామిలీస్ ఓన్లీ’ అని రాయండి. వచ్చిన ఫ్యామిలీని ‘ఎంతమంది మీరు, అత్తగారు కూడా ఉంటారా?’ అని అడిగి పంపించేయండి. మీరు 22 వేలు చెప్పారు, అతను 21 అన్నాడు. ఒప్పుకోకండి, పరువు! ఫ్లాటు నాలుగు నెలలు ఖాళీగా ఉంటే 84 వేలు పోతాయి, నిజమే. ఆ తర్వాత 22 వేలకే వచ్చాడనుకోండి, ఏడాదికి 12 వేలు ఎక్కువ. ఏడేళ్లు కదలకుండా ఉంటే మీ డబ్బు మీకు వచ్చేస్తుంది. అగ్రిమెంటు మాత్రం 11 నెలలకే రాయించండి.

బాత్రూమ్ పక్క గోడ చెమ్మగిల్లి, పెచ్చులూడి, స్విచ్‌బోర్డు దాకా వచ్చిందని ఫోన్ చేస్తారు. ‘అంకుల్, షాక్ కొడుతోంది’ అంటారు. జూలైలో చేస్తే ‘వానలు తగ్గనీయమ్మా, తడి గోడ మీద పని నిలవదు’ అనండి. మార్చిలో చేస్తే ‘ఇప్పుడు ఎండిపోయింది కదా, ఎక్కడ కారుతోందో వానొస్తే గానీ తెలియదు’ అనండి. ఈ రెండు మాటలతో ఏళ్లు గడిపినవాళ్లున్నారు. ఖాళీ చేసేనాడు అదే గోడ చూపించి పెయింటింగ్‌కని రెండు నెలల అడ్వాన్సూ పట్టుకోండి. ఇంకేమైనా మిగిలితే మేకు రంధ్రాలు లెక్కపెట్టండి.

8. ప్లాటు చుట్టూ కడీలు పాతించి ఫెన్సింగ్ వేయించడం దండగ. డల్లాస్‌లో ఉన్నవారైతే బావమరిదికి చెప్పండి. ఏటా వాట్సాప్‌లో ఒక ఫొటో పెడతాడు. ప్రతి ఏడూ అదే ఫొటో, అదే తుమ్మచెట్టు, అదే నీడ. నిశ్చింతగా ఉండండి. ఎవరైనా రేకుల షెడ్డు వేసి కరెంటు మీటరు పెట్టించుకున్నారని తెలిస్తే కంగారొద్దు, ఏరియా డెవలప్ అవుతోందన్నమాట.

9. అనుమతి లేని లేఅవుటా? 2020లో వెయ్యి రూపాయలు కట్టి క్రమబద్ధీకరణ పథకం ఎల్‌ఆర్‌ఎస్‌కు దరఖాస్తు పెట్టారుగా, చాలు. 2025లో ఫీజులో 25 శాతం తగ్గిస్తామన్నా కదలని మగానుభావులున్నారు. ఊరికే కూర్చుంటే ఎప్పటికైనా 50 శాతం తగ్గిస్తారని వాళ్ల లెక్క.

10. అమ్మకం. రేటు కోసం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరగనక్కర్లేదు. టీకొట్టు దగ్గర వినబడినదానికి గజానికి ఐదు వేలు కలపండి. కొనడానికి వచ్చినవాడు లింకు డాక్యుమెంట్లు అడిగితే అతనికి కొనే ఉద్దేశం లేనట్టే, పంపించేయండి. అడగనివాడు దొరికేదాకా నెలనెలా రేటు పెంచుతూ ఉండండి.