ప్రత్యక్షముకన్న అనుమానమే మిన్న

మన తార్కికులు ప్రమాణములలో ప్రత్యక్షమునకు అగ్రస్థానమిచ్చి, కంటికి కనబడని చోట మాత్రమే అనుమానమును ఆశ్రయింపవలెనని శిష్యులకు బోధించిరి. కొండమీద పొగను చూచి అచట నిప్పున్నదని ఊహించుట విద్వత్తే గాని, నిప్పు ఎదుటనే మండుచుండగా దానికి వీపు త్రిప్పి కూర్చుండి, పొగ చిక్కదనమునుబట్టి నిప్పున్నదా లేదా యని చర్చించుట విద్వత్తు కాదని వారి మతము. ఈ ప్రాచీన భ్రమను పటాపంచలు గావించి, ప్రత్యక్షముకంటె అనుమానమే బలవత్తరమని లోకమునకు చాటిన ఘనత అమెరికా విశ్వవిద్యాలయముల ఫుట్‌బాల్ పోటీలలో విజేత పదవికి అర్హులను ఏరు మహనీయులకు దక్కవలసియున్నది.

వారి కష్టమును తక్కువ చేసి చెప్పుట ధర్మము గాదు. అగ్రశ్రేణిలో 130కి మించిన జట్లున్నవి. ఒక్కొక్క జట్టు శరత్కాలమున ఆడునవి 12 ఆటలు మాత్రమే. కావున ఒకదానితో నొకటి తలపడని జట్లలో ఏది మేలైనదో చెప్పుటకు కొంత ఊహ తప్పదు. అయితే ఊహ తప్పదన్న మాటకును, ఆడి గెలిచిన ఆటను ఊహ కొట్టివేయవచ్చునన్న మాటకును నడుమనున్న అగాధమును ఈ పెద్దలు ఏ వంతెనమీద దాటిరో విచారించుటయే మన పని.

ఈ శాస్త్రమునకు ఆద్యులు పత్రికావిలేఖరులు. అసోసియేటెడ్ ప్రెస్ సంస్థ 1936 నుండి విలేఖరుల ఓట్లతో జట్లకు ర్యాంకులు పంచసాగెను. 1950లో యునైటెడ్ ప్రెస్ కోచ్‌ల ఓట్లతో మరియొక పట్టికను వెలయించెను. కోచ్‌లు తమ జట్టును తీర్చిదిద్దు పనిలో మునిగియుండి ఇతరుల ఆటలు చూచుటకు తీరిక లేనివారు గనుక, ఇతరుల ఆటలపై తీర్పు చెప్పుటకు వారికంటె తగినవారెవరు? ఒక్క ఆటయైనను జరుగకముందే ప్రథమ ద్వితీయాది స్థానములను ప్రకటించు ఆచారము నేటికిని నిలిచియున్నది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెతను మనవారు పరిహాసమునకు పుట్టింపగా, అచటివారు దానిని పంచాంగముగ చేసికొనిరి. ఆదియందెట్లో అంతమునందును అట్లే: 1973లో కోచ్‌లు అలబామాను జాతీయ విజేతగ ఎన్నుకొని, ఆ మీదట పోటీకాలపు చివర జరుగు బౌల్ ఆటలలో ఒకటియగు షుగర్ బౌల్‌ను చూడ కూర్చుండిరి, ఆ ఆటలో నోటర్ డామ్ 24–23తో అలబామాను ఓడించెను, కోచ్‌లిచ్చిన కిరీటము మాత్రము చెక్కు చెదరలేదు. మరుసటి సంవత్సరమునుండి చివరి ఓటును బౌల్ ఆటల తరువాతికి జరిపిరి. ఫలితము తెలియుటకు ఆట ముగియవలెనన్న సూక్ష్మమును గ్రహించుటకు రెండు దశాబ్దములకు పైగా పట్టినది.

మనుష్యుల ఓట్లలో రాగద్వేషములుండునన్న ఫిర్యాదు ముదిరి, 1998లో బౌల్ ఛాంపియన్‌షిప్ సిరీస్ అను పేర ఓట్లకు కంప్యూటర్ల గణనలను జోడించి, మొదటి రెండు స్థానములవారికి అంతిమ పోరాటము కూర్చిరి. 2000లో మయామి 27–24తో ఫ్లారిడా స్టేట్‌ను ఓడించినది. ఇరుపక్షములకును ఒక్కొక్క ఓటమియే. అంతిమ పోరాటమునకు ఓడిన ఫ్లారిడా స్టేట్ తరలినది. మరుసటి యేడు నెబ్రాస్కా కొలరాడో చేత 62–36తో చావుదెబ్బ తినియు, తన కాన్ఫరెన్స్ అనగా తన జట్ల కూటమిలో విజేత గాకపోయియు, జాతీయ విజేత పదవికి పోటీపడు అర్హతను సంపాదించినది. 2003లో ఓక్లహోమా తన కాన్ఫరెన్స్ అంతిమమున 35–7తో కాన్సస్ స్టేట్‌కు లొంగియు ప్రథమ స్థానమును వదలలేదు. విలేఖరులును కోచ్‌లును ఏకకంఠముగ ప్రథమమన్న సదరన్ కాలిఫోర్నియా మూడవదై బయట మిగిలినది. బలవంతులు దుర్బలులను చావమోదుట మానవలెనన్న సదుద్దేశముతో, గెలుపును లెక్కింపవచ్చును గాని దాని తేడాను లెక్కింపరాదని యంత్రములకు 2002లోనే ఆంక్ష విధింపబడియుండెను. అనగా, చూచుటకు పెట్టిన కంటికి గంత కట్టి, ఏమి కనబడుచున్నదని అడిగిరన్నమాట. 2004లో ఆడిన ఆటలన్నియు గెలిచిన ఆబర్న్‌కు తలుపు మూసిన పిదప, అసోసియేటెడ్ ప్రెస్ తన పట్టికను ఇక ఈ గణనకు వాడవలదని చెప్పి చేతులు దులుపుకొనెను.

యంత్రమును నమ్మి చెడిన పిమ్మట 2014లో కాలేజి ఫుట్‌బాల్ ప్లేఆఫ్ అవతరించినది. నాలుగు జట్లను ఏరు భారము 13 మంది ప్రాజ్ఞుల కమిటీకి అప్పగింపబడినది. విదేశాంగ మంత్రిగ పనిచేసిన కాండొలీజా రైస్ తొలి కమిటీలో ఒకరు. వీరు కొలువుతీరునది టెక్సస్‌లోని గ్రేప్‌వైన్ పట్టణమున ఒక విలాసపు హోటలులో. డాలస్ విమానాశ్రయము ఆ పట్టణమును ఆనుకొనియే యున్నది. అచట స్థిరపడిన కొడుకులను కూతుండ్రను చూడబోయిన మన పెద్దలెందరో ఈ న్యాయపీఠమునకు కూతవేటు దూరమున దిగియు దాని మహిమ నెఱుగక వచ్చుచున్నారు. తన విశ్వవిద్యాలయము చర్చకు వచ్చినపుడు సభ్యుడు గదినుండి లేచిపోవలెనన్నది నియమము. దాని స్థానమునకే పోటీపడుచున్న జట్టును గూర్చి చర్చించునపుడు మాత్రము తిరిగివచ్చి నిష్పక్షపాతముగ కూర్చుండవచ్చును. నవంబరు మొదలుకొని మంగళవారములందు తాత్కాలిక పట్టిక టెలివిజన్‌లో వెలువడును. ప్రతి వారము తెల్లకాగితముతోనే ఆరంభింతుమని కమిటీవారి ప్రతిజ్ఞ. రేపు చింపివేయు కాగితమును నేడు చదివి వినిపించుట దేనికని అడుగు అమాయకునకు, ప్రకటనల మధ్య కాలక్షేపమునకు ఏదో యొకటి కావలెను గదా యనుటకంటె వేరు సమాధానము లేదు. ఆ తొలి సంవత్సరమే మూడవ స్థానముననున్న టెక్సస్ క్రిస్టియన్, చివరి ఆటను 55–3తో గెలిచి, ఆ విజయమునకు బహుమానముగ ఆరవ స్థానమునకు దిగినది.

అయితే అనుమానప్రమాణము పరాకాష్ఠ నందుకొన్నది 2023లో. ఫ్లారిడా స్టేట్ 13 ఆటలాడి 13ను గెలిచి కాన్ఫరెన్స్ విజేతయైనది. కాని నవంబరులో దాని దాడిని నడుపు క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్ కాలికి తీవ్రమైన గాయమైనది. అతడు లేకయే ఫ్లారిడాపై 24–15తోను, లూయివిల్‌పై 16–6తోను ఆ జట్టు గెలిచినది. అతడు లేకున్న గెలువగలదా యన్న ప్రశ్నకు మైదానము రెండుమార్లు అవునని చెప్పగా, హోటలు గది కాదని చెప్పినది. ఒక ఓటమి గల అలబామాకు నాలుగవ స్థానమును, అజేయమైన ఫ్లారిడా స్టేట్‌కు ఐదవ స్థానమును లభించినవి. ముఖ్యమైన ఆటగాండ్రు లేకపోవుటను లెక్కింపవచ్చునని నిబంధన కలదు నిజమే. కాని ఆ నిబంధన నీడలోనే 2014లో జరిగినదేమి? ఒహాయో స్టేట్ మూడవ వరుస క్వార్టర్‌బ్యాక్‌తో కాన్ఫరెన్స్ అంతిమమును 59–0తో గెలువగా, కమిటీవారే దానిని నాలుగవ స్థానమున చేర్చుకొనిరి. ఆ మూడవ వరుసవాడే జట్టును జాతీయ విజేతను చేసెను. తాము వేసిన మొట్టమొదటి అంచనాయే తమ సిద్ధాంతమును ఖండించుచుండగా, తొమ్మిదేండ్లకు దానిని మరచుట సామాన్యులకు సాధ్యమగు పని గాదు. పిమ్మట ఆరెంజ్ బౌల్‌లో ఫ్లారిడా స్టేట్ 63–3తో జార్జియా చేత ఓడినదని సమర్థకులు వేలెత్తి చూపుదురు. గెలిచినను ఫలము లేదని ముందే తేల్చిచెప్పగా ఆటగాండ్రు పలువురు బరిలోనికి దిగనేలేదు. ఆ శిథిలావశేషమును చూపి మా తీర్పు సరియైనదనుట, ఇల్లు కూల్చినవాడు అది కూలుననియే నేను ముందు చెప్పితిననుటయే.

చిన్న కాన్ఫరెన్స్‌వారి గతి చెప్పనే యక్కరలేదు. 2017లో సెంట్రల్ ఫ్లారిడా ఒక్క ఆటయు ఓడకుండ 12వ స్థానముతో సరిపెట్టుకొని, అలబామాను జార్జియాను రెండింటిని ఆ యేడే ఓడించియున్న ఆబర్న్‌ను పీచ్ బౌల్‌లో 34–27తో ఓడించెను. జాతీయ విజేత పదవికి పోరాడినవారు మాత్రము ఆ అలబామా జార్జియాలే. సెంట్రల్ ఫ్లారిడావారు తామే విజేతలమని చాటుకొని ఊరేగింపు జరుపుకొనిరి. జనులు నవ్విరి గాని, ఒకడు తన్నుతాను విజేతననుటకును, పదమూడుగురు ఇంకొకరిని అనుటకును సంఖ్యలో తప్ప తర్కములో భేదము కనబడదు.

సంఖ్య పెంచినచో కలహము సమయునని తలచి 2024లో నాలుగు జట్లను పండ్రెండు చేసిరి. కలహము సమయలేదు, ఐదవ స్థానపు గుమ్మమునుండి పదమూడవ స్థానపు గుమ్మమునకు బస మార్చినది. 2025 ఆగస్టు చివర మయామి నోటర్ డామ్‌ను ఓడించెను. పావు శతాబ్దము గడచినను అదే మయామి, అదే 27–24. రెండును 10 గెలుపులు 2 ఓటములతో ముగించినవి. కమిటీవారు నవంబరంతయు నోటర్ డామ్‌నే పైన నిలిపి, రెండు జట్లును ఆట లేక ఇంటనున్న చివరి వారాంతమున మయామిని పైకెత్తిరి. వీరి నడుమనున్న బ్రిగమ్ యంగ్ ఓడి దిగిపోగా ఇద్దరును పట్టికలో ఇరుగుపొరుగువారైరనియు, అపుడు గాని పరస్పరఫలితము స్ఫురింపలేదనియు వివరణ. మయామి అంతిమ పోరాటము దాక పోయి ఇండియానాకు లొంగినది. పండ్రెండింటిలో చోటు దక్కని నోటర్ డామ్ అలిగి బౌల్ ఆటనే త్యజించినది.

మేము అర్హులను గాదు, ఉత్తములను ఏరుచున్నామని కమిటీ పక్షమువారు చెప్పుదురు. ఉత్తముడెవరో చూపుతోనే తెలియునట్లయిన 12 ఆటలాడించి పిల్లల మోకాళ్లు విరుగగొట్టించుట ఏల? ఆటలు కావలెనన్నచో వానికి విలువ నీయవలెను. ఏ ప్రమాణము మొదట, ఏది తరువాత అని ఆగస్టుకు ముందే వ్రాసి ప్రకటించి, ముఖాముఖి తేలిన ఫలితమును తిరుగదోడు అధికారమును కమిటీనుండి తీసివేసి, ఎన్నడును కలియబడని జట్ల విషయమున మాత్రమే వారి ఊహకు తావిచ్చినచో, అందులో పొరపాట్లు దొర్లినను క్షమింపవచ్చును. ఈ స్వల్పమైన హద్దును గీయుటకు కూడ వారు సమ్మతింపనిచో, మైదానములందలి స్కోరుబోర్డులను దింపి గ్రేప్‌వైన్ హోటలు గోడకు తగిలించుట మేలు. టిక్కెట్టు కొనువానికి ఆట ఎక్కడ జరుగుచున్నదో అప్పుడైనను తెలియును.