కేకు గిన్నె అడుగున కాపురమున్న మాడుకి బహిరంగ లేఖ

పాయకరావుపేట నుంచి

మాడూ,

నూనె తక్కువైతే నువ్వు పుడతావని చాలామంది నమ్మకం. కేకు విరిగిన ప్రతి ఇంట్లోనూ అదే తీర్పు: “ఇంకాస్త నూనె పోయాల్సింది.” నీకు ఇంతకన్నా మంచి ముసుగు దొరకదు. జనం నూనె సీసా వైపు చూస్తూ ఉంటారు, నువ్వు దర్జాగా అడుగున కూర్చుంటావు.

డిసెంబరు వచ్చిందంటే మా పేటలోనూ, తాండవ వంతెన అవతల తునిలోనూ కుక్కర్లకు గ్యాస్కెట్, విజిల్ ఊడదీసి అడుగున ఇసుకో ఉప్పో పోసి కేకులు పెట్టేవాళ్ళు ఎక్కువ. నదికి ఇటు అనకాపల్లి జిల్లా, అటు కాకినాడ జిల్లా అయినా నీ ఆగడాలకు సరిహద్దు లేదు. కేకు పిండి పోసే గిన్నెల్లో ముందుగా నూనె పోసి అటూ ఇటూ తిప్పుతారు. గిన్నె కింద పెట్టేలోగా గోడల మీది నూనె జారి అడుగు అంచున చేరుతుంది. గోడలు బోసిగా మిగులుతాయి. పిండి వెళ్ళి వాటికే ఆనుకుంటుంది. ఆ బోసి జాగాయే నీకు కావలసింది.

పెనం మీద నీ ఎత్తు ఇంకా గడుసుది. నడిమధ్యనే అట్టు ఎందుకు అంటుకుంటుందో చెక్ శాస్త్రవేత్తలు ఫెదోర్చెంకో, హ్రూబీ 2021లో ఒక భౌతికశాస్త్ర పత్రికలో వివరించారు. మధ్య బాగా వేడెక్కిన చోట నూనె తలతన్యత తగ్గుతుంది. చల్లగా ఉన్న అంచు ఆ నూనెను తనవైపు లాక్కుంటుంది. పలచటి పొర మధ్యలో చిట్లి, అక్కడ పొడి మచ్చ పడుతుంది. అంటే నూనె పోసినా పోసిన చోట ఉండదు. కావలసింది ఎక్కువ నూనె కాదు మాడూ, కదలకుండా నిలిచే పొర.

ఈ సంగతి మనవాళ్ళకు ఎప్పుడో తెలుసు. నమ్మకపోతే ఆత్రేయపురం వెళ్ళు. 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన పూతరేకుల ఊరు అది. బోర్లించిన కుండ, దాని కింద కొబ్బరాకుల మంట, పక్కన నీళ్ళలా పలచగా రుబ్బిన బియ్యప్పిండి. గుడ్డను పిండిలో ముంచి కుండ మీద ఒక్క ఊపున ఈడుస్తారు. రెప్పపాటులో రేకు ఆరిపోతుంది, అంచు పట్టుకుని లేపేస్తారు. అంత పలచటి రేకు చిరక్కుండా వస్తోందంటే నీకు ఆ కుండ మీద కాలు పెట్టే సందు లేదన్నమాట. కొత్త కుండను తెచ్చిన రోజే పనిలో పెట్టరు. నూనె పట్టించి, కాల్చి, మళ్ళీ పట్టించి, నున్నగా నల్లబడ్డాకే పిండి తాకనిస్తారు. పని మధ్యలో కూడా నూనె గుడ్డతో తుడుస్తూనే ఉంటారు. తుడవడమే, పోయడం కాదు. వేడికి ఆ పలచటి నూనె గట్టిపడి పైకి అతుక్కున్న పూతగా మారుతుంది. అది నూనెలా కారదు, జారదు. దిబ్బరొట్టి వేసే ఇనుప మూకుడు నలుపూ అదే. ఏళ్ళ తరబడి పేరుకున్న ఆ నలుపును మురికి అనుకుని పీచుతో తోమి తెల్లగా చేసే కోడళ్ళూ, వాళ్ళ మీద కేకలేసే అత్తలూ మా చుట్టుపక్కల చాలామందే ఉన్నారు. ఈ ఒక్క తగాదాలో నేను అత్తల పక్షం.

పాకం పోసే ముందు పళ్ళేనికి నెయ్యి రాయడం మరో ఉపాయం. పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు, గుడ్డ మీద వేసే ఇడ్లీలు, అరటాకులో చుట్టి కాల్చే చేపలు ఇంకో ఉపాయం. వాటిలో ఆకో గుడ్డో అడ్డం ఉండి, వంటకానికీ లోహానికీ పరిచయమే కానివ్వదు. అన్నట్టు, మా పేట చుట్టుపక్కల తమలపాకు తోటలకు పేరు. ఆ ఆకు నున్నదనం చూసి గిన్నెలో పరుద్దామనుకునే ప్రయోగశీలురకు ఒక మాట: కేకు ఊడివస్తుందేమో గానీ ఘాటు మాత్రం వదలదు.

కేకు టిన్ను మన వంటింటికి కొత్త చుట్టం. దానికి చేసే మర్యాద ఇంకా అలవాటు కాలేదు, అందుకే నీ ఆటలు సాగుతున్నాయి. ఇక నుంచి సాగవు, విను. నూనె బదులు పేరిన నెయ్యి గానీ డాల్డా గానీ వాడతాం, ఎందుకంటే అవి గోడ మీద రాసిన చోటే ఉంటాయి. వెన్న వద్దు. అందులో ఆరో వంతు దాకా నీరే, పైగా పాల పదార్థం. అది ముందుగా ఎర్రబడి నీకు జిగురవుతుంది. వేలితో పలచగా, మూలమూలకూ, పైఅంచు దాకా రాసి, చెంచాడు మైదా వేసి గిన్నెను తిప్పుతాం. బోర్లించి తట్టి మిగులు పిండి దులిపేస్తాం. నేతిని పట్టుకుని కదలనివ్వకుండా ఉంచేది ఆ పిండే. చాక్లెట్ కేకైతే మైదా బదులు కోకో, లేకపోతే నల్లటి కేకు మీద తెల్లటి మరకలు పడతాయి.

అడుగుకు మాత్రం కాగితం. గిన్నెను కాగితం మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీసి కత్తిరిస్తే సరిపోతుంది. ఇక్కడే నీ దొంగ దారి ఒకటుంది. బజారులో బటర్ పేపర్ అనే ఒకే పేరుతో రకరకాల కాగితాలు అమ్ముతారు. సిలికోన్ పూసినది వేడికి ఆగి, చక్కగా ఊడివస్తుంది. మైనం పూసినది కరిగి, కేకుకు అంటుకుని, నీకు తోడవుతుంది. కాగితపు చుట్ట మీద ఓవెన్‌లో వాడొచ్చని రాసి ఉందో లేదో చూడకుండా కొనకూడదు.

తీపి పెరిగేకొద్దీ నీ బలం పెరుగుతుంది. మాది బెల్లం జిల్లా కదా, ఈ మధ్య పంచదార మానేసి అనకాపల్లి బెల్లంతో కేకులు చేస్తున్నారు. బెల్లంలో ఫ్రక్టోజ్, గ్లూకోజ్ కొంత విడిగానే ఉంటాయి. ఇవి పంచదార కంటే తక్కువ వేడికే ఎర్రబడతాయి. కాబట్టి బెల్లం కేకుకు కాగితం తప్పదు, మంట కూడా కాస్త తగ్గాలి. నల్లటి టిన్ను వేడిని ఎక్కువ పీల్చి అడుగును తొందరగా మాడుస్తుంది. మెరిసే అల్యూమినియం టిన్ను నయం.

న్యాయం కోసం ఒకటి ఒప్పుకుంటున్నాను. గుడ్డు తెల్లసొన నురగతో పొంగే షిఫాన్ లాంటి కేకులు గిన్నె గోడను పట్టుకునే పైకెక్కుతాయి. ఆ గోడలకు నెయ్యి రాస్తే జారి కుంగిపోతాయి. అక్కడ అంటుకోవడమే పని. కోవా గిన్నె అడుగు గోకుడు కోసం పిల్లలు కొట్టుకునే ఇళ్ళల్లో నీకు గౌరవం కూడా ఉంది. ఆ రెండు చోట్లా నీ జోలికి రాను.

నిన్ను శాశ్వతంగా వెళ్ళగొడతామని నాన్‌స్టిక్ కంపెనీలు చాలాకాలంగా చెబుతున్నాయి. 1938లో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రవేత్త చేతికి టెఫ్లాన్ అనుకోకుండా చిక్కింది. 1950ల్లో ఫ్రాన్సులో మార్క్ గ్రెగ్వార్ దాన్ని పెనం మీదికి ఎక్కించాడు. మంచి పూతే, కాదనను. కానీ స్టీలు గరిటె తగిలితే గీతలు పడుతుంది, ఖాళీ పెనం మంట మీద మరిచిపోతే పాడవుతుంది. గీత పడ్డ చోట మళ్ళీ నువ్వే. మూకుడు నలుపు పోతే ఇంట్లో నూనెతో తెచ్చుకోవచ్చు. ఈ పూత పోతే కొత్త పెనానికి డబ్బులు తీయాలి.

దించగానే బోర్లించే తొందర కూడా నీకు చుట్టమే. అప్పుడు కేకు ఇంకా మెత్తన, విరుగుతుంది. పది నిమిషాలు ఆగి, అంచు చుట్టూ చాకు తిప్పి బోర్లించాలి. మరీ చల్లారేదాకా వదిలేసినా చిక్కే. లోపలి ఆవిరి నీరై గోడలు తడిసి, కేకు మళ్ళీ పట్టుకుంటుంది.

ఇప్పటికే అడుగున ఉన్న నీ సంగతి. అల్యూమినియం టిన్నుకు సోడా వాడను, నల్లబడుతుంది. వేడినీళ్ళు పోసి నానబెట్టి, చెక్క గరిటెతో నెట్టేస్తాను. మూకుడుకైతే చింతపండు ముట్టించను, పులుపుకు పూత పోతుంది. వేడినీళ్ళతో కడిగి, పెంటకోట సముద్రపు గాలికి తుప్పు పట్టకముందే పొయ్యి మీద ఆరబెట్టి, నూనె గుడ్డతో తుడిచి బోర్లిస్తాను. అది మళ్ళీ పొయ్యెక్కేది ఆదివారం, దిబ్బరొట్టికి. నీకు పిలుపు లేదు.

ఇట్లు
గిన్నె సొంతదారు