ఎడమ చేతి మచ్చ

మొన్న హైదరాబాదు నుంచి మా మనవరాలు ఫోను చేసింది. "అమ్మమ్మా, బాబుకి ఒకటిన్నరేళ్ళ సూది ఇప్పుడే వద్దనుకుంటున్నాం. ఏవేవో సైడ్ ఎఫెక్టులట. అయినా ఆ జబ్బులు ఇప్పుడెక్కడున్నాయి?" అంది. ఆ చివరి మాట విన్నాక ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు.

మా రోజుల్లో ఆ మాట అనగల తల్లి ఒక్కర్తీ లేదు. మాది బందరు పక్కన పల్లె. నా చిన్నప్పుడు మశూచిని పేరు పెట్టి పిలిచేవాళ్ళు కారు, అమ్మవారు పోసింది అనేవాళ్ళు. గుమ్మానికి వేపమండలు కట్టిన ఇంటివైపు పిల్లల్ని పోనిచ్చేవాళ్ళు కారు. సోకిన పదిమందిలో ముగ్గురు దాకా పోయేవాళ్ళు, బతికినవాళ్ళకి మొహం నిండా గుంటలు మిగిలేవి. మా నాయనమ్మకి ఎడమ కన్ను అందులోనే పోయింది. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు చేటని కుడి పక్కకి జరుపుకుని, మెడ వంచి, చూపు ఆననివి వేళ్ళతో తడిమి తీసేది. అన్నంలో రాయి తగిలిందని తాతయ్య అరిచిన ప్రతిసారీ ఆవిడ ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఇక అప్పటి టీకా. చర్మం మీద మందు చుక్క వేసి, పళ్ళున్న చిన్న బిళ్ళలాంటి పనిముట్టు నొక్కిపెట్టి గిర్రున తిప్పేవాళ్ళు. అది పొక్కి, చీము పట్టి, చెక్కు కట్టి రాలేసరికి మూడు వారాలు. టీకాలవాళ్ళు వస్తున్నారంటే బడి గోడ దూకేవాళ్ళం. మంచాల కింద దాక్కున్న పిల్లల్ని కాళ్ళు పట్టి లాక్కొచ్చి వేసేవాళ్ళు. ఎవరినీ అడిగింది లేదు, ఎవరికీ చెప్పింది లేదు. అది మంచి పద్ధతని నేను ఇప్పటికీ అనను.

పైగా ఆ టీకా ఇప్పటివాటికన్నా చాలా మొరటుది. మొదటిసారి వేయించుకున్న ప్రతి పది లక్షల మందిలో ఒకరో ఇద్దరో దానివల్లే పోయేవాళ్ళు, కొందరికి మెదడువాపు వచ్చేది. మా అమ్మకి ఆ లెక్క తెలియదు. తెలిసినా నా చెయ్యి కదలకుండా పట్టుకునే కూర్చునేది. అత్తగారి కన్ను రోజూ ఎదురుగా కనబడుతుంటే ఇంకో లెక్క ఆవిడకి ఎందుకు?

1975 తర్వాత మన దేశంలో మశూచి లేదు. 1980 మే నెలలో ప్రపంచంలోనే లేదన్నారు. మశూచి పోయింది, దానితో టీకా కూడా ఆపేశారు. 1973లో పుట్టిన మా పెద్దమ్మాయి చేతికి ఆ టీకా మచ్చ ఉంది, 1981లో పుట్టిన మావాడి చేతికి లేదు. జబ్బే లేనప్పుడు టీకాతో ఒక్క ప్రాణం పోయినా దండగే. తూకమంటే అలా వెయ్యాలి, రెండు పక్కలా చూసి. పోలియోకీ అదే చేశారు. చుక్కలమందు వల్ల సుమారు 27 లక్షల మోతాదులకి ఒక్క బిడ్డకి కాలుచెయ్యి పడిపోయే ప్రమాదం ఉంది. అసలు పోలియో సోకితే 200 మందిలో ఒకరికి పడిపోతుంది. 2011 జనవరి తర్వాత మన దేశంలో ఆ అసలు జబ్బు కనబడలేదు. ఆ మీదట సూదిమందు కలిపారు, 2016లో చుక్కల్లోంచి ఒక రకం వైరస్‌ని తీసేశారు. అన్నీ దాచేస్తారని ఫోన్లలో పంపుకునేవాళ్ళు ఈ సంగతి ఎందుకు పంపుకోరు?

ఒక కోవిడ్ టీకా గొడవా అంతే. రక్తం గడ్డకట్టి ప్లేట్‌లెట్లు పడిపోయే అరుదైన జబ్బు దానివల్ల రావచ్చని దాన్ని చేసిన కంపెనీ కోర్టులో ఒప్పుకుందని 2024లో ఒకటే హోరు. ఐరోపా మందుల సంస్థ ఆ మాట 2021 ఏప్రిల్‌లోనే చెప్పింది. వయసులో ఉన్నవాళ్ళకి కోవిడ్ వల్ల ముప్పు తక్కువ గనక, నలభై దాటనివాళ్ళకి వేరే టీకా ఇస్తామని బ్రిటన్ ఆ మే నెలలోనే చెప్పింది. పెద్దవాళ్ళకి మాత్రం అదే కొనసాగించింది.

"జబ్బులెక్కడున్నాయి" అన్నావు కదమ్మా, నువ్వు ఉండే ఊళ్ళోనే నల్లకుంటలో కోరంటి ఆసుపత్రి ఉంది. డిఫ్తీరియా పిల్లలు మొన్నమొన్నటిదాకా అక్కడికి వస్తూనే ఉన్నారు. దాన్ని మేము కంఠసర్పి అనేవాళ్ళం. 1957లో మా పిన్ని కొడుక్కి వచ్చింది. నాలుగేళ్ళవాడు. గొంతు నొప్పన్నాడు, మిరియాల కషాయం పట్టారు. మర్నాడు నోరు తెరిపించి దీపం పెట్టి చూస్తే లోపల బూడిదరంగు పొర. మెడ ఉబ్బిపోయింది. గాలి పీల్చినప్పుడల్లా ఈల వేసినట్టు చప్పుడు. బండి కట్టి బందరు బయల్దేరారు. నేను చిన్నదాన్ని, వీధి చివరిదాకా బండి వెనకాలే వెళ్ళాను. చీకటి పడకముందే బండి వెనక్కి వచ్చింది. అప్పుడు మా ఊళ్ళో దానికి టీకా లేదు. ఉండి ఉంటే, కాలికి వాపు వస్తుందని, ఒకరోజు జ్వరం వస్తుందని మా పిన్ని మానేసేదా?

మానేస్తే ఏమవుతుందో జపాను వాళ్ళు చూశారు. మా బాబుకి వెయ్యాల్సిన ఈ సూది కంఠసర్పికీ కోరింత దగ్గుకీ కలిపి వేసేదే. 1975 ప్రాంతంలో అక్కడ ఈ టీకా వేసిన తర్వాత ఇద్దరు పసివాళ్ళు పోయారు. సర్కారు టీకా ఆపింది. త్వరలోనే మళ్ళీ మొదలుపెట్టినా తల్లులు రాలేదు. 1974లో కోరింత దగ్గు నాలుగు వందల మందికి కూడా లేదు, ఒక్క చావూ లేదు. 1979లో 13 వేల మందికి వచ్చి 41 మంది పోయారు. ఆ దేశమే 1981లో జ్వరం తక్కువ వచ్చే కొత్తరకం టీకా తెచ్చింది. భయపడ్డందుకు నేను ఎవరినీ తప్పుపట్టను. ఆ భయంతో మెరుగైన టీకా అడగాలి గానీ పిల్లల్ని దగ్గుకి వదిలేస్తారా?

నా కోపమంతా మా మనవరాలి మీదే కాదు. వాళ్ళు మొదట వెళ్ళిన ఆసుపత్రిలో, ఏమైనా అవుతుందా అని అడిగితే డాక్టరు ఫైలు మీంచి తలెత్తకుండా "ఏం కాదు" అన్నాడట. ఆ ఒక్క మాటే పిల్లని ఫోనులోని వీడియోలకి అప్పజెప్పింది. ఏమీ కాకపోవడమేమిటి? జ్వరం వస్తుంది, సూది వేసినచోట గట్టిపడుతుంది, అరుదుగా జ్వరంతో ఫిట్స్ వస్తాయి, మరీ అరుదుగా ఒంటికి పడక అప్పటికప్పుడు ఊపిరాడదు. వస్తే ఏం చెయ్యాలో చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. పది లక్షల్లో ఒక్కరికే కావచ్చు, ఆ ఒక్కరి ఇంటిని మాత్రం వైద్యంలోనూ పరిహారంలోనూ సర్కారు వదిలెయ్యకూడదు.

బస్సెక్కి హైదరాబాదు వెళ్ళాను. బస్తీ దవాఖానాకి ముగ్గురం బాబుని తీసుకెళ్ళాం. సూది వేసిన నర్సమ్మాయి, చిన్నపిల్లే, బాబు తొడ మీద దూది ఒత్తిపట్టి, ఏమేం రావచ్చో ఒక్కొక్కటీ చెప్పింది. బల్లమీద ఉన్న డబ్బా చూపించి, "ఒంటికి పడకపోతే వెంటనే ఇవ్వడానికి అడ్రినలిన్ ఇందులోనే ఉందమ్మా, అందుకే అరగంట కూర్చోమంటాం" అంది. మేము కూర్చున్నాం. మాతోపాటు వేయించుకున్నవాళ్ళు ఎనిమిది మంది. ఆ అమ్మాయి గుమ్మందాకా వెళ్ళి పిలుస్తూనే ఉంది, ఆరుగురు ఆటోలెక్కి వెళ్ళిపోయారు.