ఊడబెరికిన జ్ఞానదంతము: టీకా తాత్పర్య సహితము

అవతారిక. కాళిదాసాది మహాకవుల కావ్యములకు సంజీవని మొదలగు వ్యాఖ్యలు రచించిన మల్లినాథసూరి యింటిపేరు కోలాచలము; ఆ కోలాచలము నేటి మెదక్ జిల్లాలోని కొల్చారమే యని పెద్దలు చెప్పుదురు. 2016లో సంగారెడ్డి జిల్లా వేరుపడువరకు మా పటేల్‌గూడయు ఆ మెదక్ జిల్లాలోనిదే కావున, మూలము లేనిది వ్రాయను, అక్కఱ లేనిది పలుకను అని ఆ మహనీయుడు పట్టిన వ్రతములో మొదటి సగమునైనను పాటించు అధికారము మాకు కలదు. రెండవ సగమునకు హామీ యీయజాలము.

వ్యాఖ్యేయగ్రంథ మేదనగా, క్రింది దవడ జ్ఞానదంతమును పెరికించుకొని, సగము పెదవి మొద్దుబారి, మాట పెగలక బయటికి వచ్చువాని చేతిలో దంతవైద్యశాలవారు పెట్టెడి అఱచేతియంత చీటీ. కర్త యెవరో తెలియదు. కడపటి దంతము చెంత వాచి, తీవ్రమైన నొప్పితో చొంగ కార్పించు వ్యాధిని సుశ్రుతుడు అధిమాంసకమని పేర్కొనెను గనుక, విషయము మాత్రము ప్రాచీనమే.

“దూదిని గంటసేపు కరచి పట్టుకొనవలెను.”

దూది యనగా మడచిన గాజుగుడ్డ. కరచి యనగా అదిమి. నమలి యని కాదు. అయిదేసి నిమిషములకు దానిని తీసి, అద్దములో నెత్తురు చూచుకొని, నిట్టూర్చి మరల పెట్టుకొనువాడు సూత్రమును పాటించినవాడు కాడు. ఒక్క చుక్క నెత్తురు నోటినిండ నున్న ఉమ్మినంతయు ఎఱ్ఱబఱచును కావున తొలినాటి ఎఱుపునకు బెదరనక్కఱలేదు; ధారగా కారుచున్నచో మాత్రము శుభ్రమైన గుడ్డను మడచి మఱొక అరగంట అదిమి పట్టి, అప్పటికిని నిలువనిచో వైద్యుని యొద్దకు మరలవలెను.

“ఉమ్మరాదు, పుక్కిలించరాదు, స్ట్రా వాడరాదు, పొగ త్రాగరాదు.”

పూర్వపక్షము: పాశమైలారమున మూడు షిఫ్టుల ఫ్యాక్టరీలో పనిచేయు మా ప్రక్కవాటావాడు అడుగుచున్నాడు, “నోట్ల నెత్తురు పెట్టుకొని ఊంచకుంటె ఎట్లన్నా? మింగాల్నా?” అని. సమాధానము: మింగవలసినదే. దంతము పోయిన గుంటలో నెత్తురు గడ్డకట్టి, క్రిందనున్న ఎముకను, నరముల కొసలను కప్పి, తన నీడలో క్రొత్త కండ పెరుగుటకు తావిచ్చును. ఉమ్మువాడును, స్ట్రాతో కొబ్బరినీళ్ళు పీల్చువాడును, బీడీ దమ్ము లాగువాడును నోటిలో పుట్టించెడి లాగుడుచేత ఆ గడ్డ ఊడివచ్చుటకు వీలు కలదు. అందును పొగ రక్తనాళములను ముడుచుకొనజేయును కావున బీడీవాని దోషము ద్విగుణము. ఇట్లు గడ్డ పోయి బోసిపడిన గుంటకు ‘డ్రై సాకెట్’ అను పేరును 1896లో క్రాఫర్డ్ అను అమెరికను దంతవైద్యుడు ప్రచారములోనికి తెచ్చెను. ఇరువదినాలుగు గంటలు గడచిన పిమ్మట గోరువెచ్చని ఉప్పునీటిని నోట నింపుకొని, తల వంచి, నీటిని దానంతట జారనీయవలెను.

“చల్లని, మెత్తని ఆహారము.”

చల్లార్చిన జొన్నగటక, అంబలి, పెరుగన్నము అని గ్రహింపవలెను. మొద్దుబారుడు వదలకమున్నే వేడి చాయి త్రాగువానికి నాలుక కాలినదని తెలియదు. వ్రాసియిచ్చిన మాత్రలలో మెట్రోనిడజోల్ ఉన్నచో కల్లు నిషిద్ధమని చీటీలో లేదు, అధ్యాహారము చేసికొనవలెను.

“ఇబ్బంది ఉన్నచో ఫోను చేయుడు.”

స్ట్రాకు ఇచ్చినంత శ్రద్ధనైనను సూత్రకారుడు దీనికి ఈయలేదు. ఇబ్బంది యన నేమి? దవడ కోయించుకొన్నవానికి ఇబ్బంది కానిదేది? నొప్పి యుండి తీరును. వాపు రెండవ మూడవ దినములవరకు పెరిగియే తగ్గును. నోరు బొటనవ్రేలు పట్టునంతకు మించి తెఱువబడకుండుటయు కొన్నాళ్ళు మామూలే. కావున ఇబ్బందిని దాని నడకనుబట్టి గుర్తింపవలెనని మా సిద్ధాంతము. నిన్నటికంటె నేడు తగ్గుచున్న నొప్పిని మాత్రలతో సహింపవచ్చును; ఒకసారి తగ్గి, మూడవనాడో నాలుగవనాడో తిరుగబెట్టి, చెవిదాక పోటెత్తి, మాత్రలకు లొంగక, నోట దుర్వాసన తెచ్చునదానిని వైద్యునికి చూపవలెను.

ఇచ్చట ఎదురింటి పెద్దమ్మ, “లవంగం పెట్టుకో బిడ్డా, పొద్దుగాలకు తక్కువైతది” అనును. ఆమె వైద్యము అప్రామాణికమని త్రోసివేయరాదు; బోసి గుంటలో వైద్యుడు పెట్టు మందులోను తరచు లవంగసారమే యుండును. అయితే ముందుగా ఆ గుంటను కడిగి శుభ్రపఱచుట ఆమె చేతిలోని పని కాదు.

మూడునాళ్ళు గడచినను వాపు పెరుగుటయు, జ్వరమును, చీము వచ్చుటయు, మఱునాటికిని పెదవికి గాని నాలుకకు గాని స్పర్శ రాకుండుటయు ఆనాడే ఫోను చేయదగిన ఇబ్బందులు. “షిఫ్టు అయినంక చూస్త” అనుట చెల్లదు. వాపు గడ్డము క్రిందికి, మెడకు దిగి, నాలుక పైకి నెట్టబడి, తన ఉమ్మిని తాను మింగలేక, ఊపిరి కష్టమగుట వేఱు విషయము. 1836లో లుడ్విగ్ అను జర్మను వైద్యుడు వర్ణించిన ఈ వ్యాధి గంటలలో గొంతును మూయగలదు. అప్పుడు “ఫోను చేయుడు” అను క్రియ దంతవైద్యశాలను ఉద్దేశించినది కాదు. రాత్రి తొమ్మిదికి దాని షట్టరు దిగియుండును. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 ని ఉద్దేశించినది. బండి వచ్చువరకు రోగిని వెల్లకిల పరుండబెట్టక కూర్చుండబెట్టవలెను. ఏనాడు పన్ను తీసిరో, ఏ మాత్రలు మ్రింగెనో వాడు పలుకలేడు గనుక చీటీని, మాత్రల పట్టీని వెంట ఉంచవలెను.

“వారం తరువాత కుట్లు విప్పుటకు రాగలరు.”

కరగిపోవు కుట్లైనచో ఇది వర్తించదు. తక్కినది స్పష్టము.