డ్యాష్‌బోర్డు ఫొటోకు దండ

ఒక్క క్లిక్కట. డ్యాష్‌బోర్డును ఎత్తుకెళ్లి స్లైడ్‌లో కూర్చోబెట్టడానికి ఇక ఒక్క క్లిక్ చాలట. దాని కింద నాలుగు ముక్కల వ్యాఖ్యానం కూడా ఏఐ తనే రాసిపెడుతుందట. వారం రోజులుగా మా ఆఫీసులో ఇదే పండగ. కాఫీ మెషీన్ దగ్గర ఇదే ముచ్చట. ఎవరింట్లోనో బారసాల జరిగినట్టు ఒకరికొకరు అభినందనల మెయిళ్లు.

నాకు మాత్రం ఒళ్లు మండుతోంది.

అసలు డ్యాష్‌బోర్డు ఎందుకు కట్టాం? అడిగితే జవాబు చెబుతుందని. జిల్లా మీద నొక్కితే జిల్లా లెక్క, నెల మీద నొక్కితే నెల లెక్క. ఎవరి అనుమానం వాళ్లు తీర్చుకోవచ్చని. పాత ఎక్సెల్ షీట్లలో ఒకే డీలరు పేరు నాలుగు స్పెల్లింగులతో ఉంటే, వాటన్నిటినీ ఒక్కటి చేసేసరికి నా కళ్లజోడు నంబరు మారింది. లైసెన్సులకు డబ్బు పోశారు. శిక్షణకు పోశారు. రోజుకు 8 సార్లు లెక్కలు రిఫ్రెష్ అయ్యేలా ఏర్పాటు చేశాం. ఇంతా చేసి, నెలాఖరు మీటింగుకు దాన్నేం చేస్తున్నాం? ఫొటో తీస్తున్నాం. పవర్ పాయింట్‌లో ఫ్రేము కట్టిస్తున్నాం. దండ ఒక్కటే తక్కువ.

ఫొటో అంటే నేనేదో తిడుతున్నాననుకోకండి, ఉన్నమాటే. డ్యాష్‌బోర్డులు కట్టే సాఫ్ట్‌వేర్ పవర్ బీఐలో ఎక్స్‌పోర్ట్ నొక్కి, బొమ్మగా పెట్టమంటే రిపోర్టులోని ఒక్కో పేజీ ఒక్కో బొమ్మై స్లైడెక్కుతుంది. దాని పోటీదారు టాబ్లో చేసేదీ అదే. బొమ్మకు ప్రాణం ఉండదు కదా. ఫిల్టరు పక్కన కిందికి చూసే బాణం గుర్తు ఉంటుంది, నొక్కితే తెరుచుకోదు. మా డైరెక్టరుగారు నొక్కి చూశారు. ఒకసారి కాదు, నాలుగుసార్లు. మౌస్‌లో బ్యాటరీ అయిపోయిందేమో చూడమన్నారు.

అదైనా నవ్వుకుని వదిలేయొచ్చు. నన్ను నిద్రపోనివ్వనిది స్క్రోల్ బార్.

మాది విత్తనాలూ పురుగుమందులూ అమ్మే వ్యాపారం. తెలంగాణలో 33 జిల్లాలు. పట్టికలో 33 వరుసలు. స్లైడ్‌లో పట్టేది 14. పక్కన సన్నగా, బూడిదరంగులో, పైనుంచి సగం దాకా ఒక స్క్రోల్ బార్. అది కూడా బొమ్మే. తక్కిన 19 జిల్లాలు దాని అడుగున శాశ్వత నిద్రలో ఉంటాయి. దాన్ని పట్టుకుని కిందికి లాగుదామని చూసినవాళ్లున్నారు. లాగితే పట్టిక కదల్లేదు, బొమ్మ మొత్తం జారి స్లైడ్ అంచు దాటి కిందికి పోయింది.

ఇంతకీ ఆ 14 ఏవి? పట్టికను అమ్మకాల ప్రకారం పెద్ద నుంచి చిన్నకు పేరుస్తాం. కాబట్టి పైన ఉండేవన్నీ బాగున్న జిల్లాలే. వాటి గురించి మాట్లాడటానికేమీ లేదు, చప్పట్లు కొట్టడం తప్ప. మాట్లాడాల్సినవన్నీ అడుగున. ఏ నెల చూసినా స్లైడ్ నిండా పచ్చరంగే. ఏ నెల చూసినా కంపెనీ కళకళలాడుతూనే ఉంది. సున్నా అమ్మకం ఉన్న జిల్లాను ఈ తెర మీద చూపించాలంటే ముందు అది మొదటి పద్నాలుగులోకి రావాలి. మొదటి పద్నాలుగులోకి రావాలంటే దానికి సమస్యే ఉండకూడదు.

నారాయణపేట నుంచి మా ఫీల్డ్ మనిషి ఫోన్ చేశాడు. “రెండు నెలల సంది సరుకు వస్తలేదు సార్. మీ మీటింగుల మా జిల్లా గురించి ఎవ్వరూ అడుగుతలేరా?” అన్నాడు. ఏం చెప్పను? నీ జిల్లా స్క్రోల్ బార్ కింద ఉంది తమ్ముడూ, అనా? రెండు నెలల్లో రెండు రివ్యూలయ్యాయి. రెండింటిలోనూ ఆ పట్టిక తెర మీద పడింది. పాతికమంది పెద్దవాళ్లు దాన్ని చూసి తలాడించారు. అదే డ్యాష్‌బోర్డు తెరిచి ఉంటే వేలితో ఒక్కసారి కిందికి జరిపితే చాలు, నారాయణపేట పక్కన ఎర్రటి సున్నా కనపడేది. లింకు అందరి దగ్గరా ఉంది. లింకు ఎవరు తెరుస్తారు? అది ఎదురు చెబుతుందిగా!

ఇంకో వైద్యం కూడా చూశాను. 33 వరుసలూ పట్టేలా పట్టికను కుదించమన్నారు. కుదించాను. అక్షరాలు చీమలంత అయ్యాయి. వెనక కుర్చీల్లోంచి ఎవరో బైనాక్యులర్స్ కావాలని జోకు వేశారు, అందరూ నవ్వారు, స్లైడ్ మారిపోయింది. ఆ నవ్వులో కొట్టుకుపోయింది కూడా నారాయణపేటే.

సాఫ్ట్‌వేరును తిట్టి లాభం లేదు. పాపం, దానికున్నపాటి నిజాయతీ మనకు లేదు. పవర్ బీఐ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు మొట్టమొదటి స్లైడ్ ఒకటి తనంతట తానే వస్తుంది. ఈ లెక్కలు చివరిసారి ఎప్పుడు రిఫ్రెష్ అయ్యాయో, ఈ ఫైలు ఎప్పుడు దించుకున్నారో తేదీ, టైముతో సహా చెబుతుంది. అసలు రిపోర్టుకు లింకూ ఇస్తుంది. మా ఆఫీసులో అందరూ మొదట డిలీట్ చేసేది ఆ స్లైడ్‌నే. దాని చోట కంపెనీ లోగో, సూర్యోదయం, ఒక నిచ్చెన బొమ్మ.

పవర్ పాయింట్ 1987లో వచ్చింది, మెకింతాష్ కోసం. ఫోర్‌థాట్ అనే చిన్న కంపెనీ చేసింది. అదే ఏడు మైక్రోసాఫ్ట్ కోటీ నలభై లక్షల డాలర్లకు ఆ కంపెనీని కొనేసింది. ఆ మొదటి రూపం పనల్లా ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద పెట్టే పారదర్శక షీట్లు తయారుచేసి ఇవ్వడం. పారదర్శకతతో దానికున్న సంబంధం ఆ షీట్లతోనే సరి. మన దగ్గర దానికి జరిగినంత మర్యాద ఇంకెక్కడ జరిగింది? 1997లో బిల్ గేట్స్ ముందు చంద్రబాబు నాయుడు ప్రజెంటేషన్ ఇచ్చారు, 2016 మార్చి 31న కేసీఆర్ ఏకంగా అసెంబ్లీలోనే ప్రాజెక్టుల మీద పవర్ పాయింట్ వేసి చూపించారు. యథా రాజా.

ఇక్కడిదాకా నవ్వుతూనే చెప్పాను. ఇక నవ్వలేను.

2003 ఫిబ్రవరి 1న నాసా వ్యోమనౌక కొలంబియా తిరిగొస్తూ ఆకాశంలో ముక్కలైంది. కల్పనా చావ్లాతో కలిపి ఏడుగురు పోయారు. బయల్దేరిన రోజే ఇంధన ట్యాంకు మీది నురగ ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. వాళ్లింకా పైన బతికి ఉండగానే బోయింగ్ ఇంజినీర్లు ప్రమాదాన్ని అంచనా కట్టి నాసాకు చెప్పారు. స్లైడ్లలో చెప్పారు. ఒక స్లైడ్‌లో శీర్షిక చదివితే పరవాలేదనిపిస్తుంది. అదే స్లైడ్ అట్టడుగున, చిన్న అక్షరాల్లో ఇంకో సంగతి ఉంది: పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపు అంగుళాలు, ఇప్పుడు తగిలింది 1,920. అంటే 640 రెట్లు పెద్దది! ఆ పరీక్షలు దీనికి పనికిరావని గొంతు చించుకుని అరవాల్సిన మాట అది. అది అడుగున పడుకుంది. లెక్కల్ని బొమ్మల్లో చూపే విద్యలో నిపుణుడు ఎడ్వర్డ్ టఫ్టీ ఆ స్లైడ్‌ను వరుస వరుసా విప్పి చూపించాడు. ఆ ఆగస్టులో దర్యాప్తు సంఘం తన నివేదికలో దాన్ని అచ్చు వేసి, ఇంజినీరింగ్ పత్రాలు రాయాల్సిన చోట స్లైడ్లతో సరిపెట్టే నాసా అలవాటును తప్పుపట్టింది.

పురుగుమందుల లెక్కకూ దానికీ పోలికేమిటంటారా? ఉంది. అడుగు వరుస చదవకుండా తలాడించే తలలు అక్కడా ఇక్కడా ఒకటే. అందరికీ తెలిసిన సంగతే, ఎవరూ అనరంతే: స్లైడ్ కావాలనేది అది సులువని కాదు. అది నోరెత్తదని. డ్యాష్‌బోర్డు తెర మీద ఉంటే మూలన కూర్చున్న కుర్రాడెవడో “సార్, ఒక్కసారి మహబూబ్‌నగర్ వైపు చూద్దామా?” అంటాడు. అంటే చూడాలి. చూస్తే దొరుకుతుంది. దొరికితే ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. స్లైడ్ ఉంటే “నోట్ చేసుకో, ఆఫ్‌లైన్‌లో మాట్లాడదాం” అనొచ్చు. ఆ ఆఫ్‌లైన్ అనే ఊరికి వెళ్లి తిరిగొచ్చిన ప్రశ్నను నా సర్వీసులో ఒక్కదాన్నీ చూడలేదు.

ఇప్పుడు లైవ్‌గా కూడా పెట్టుకోవచ్చు కదా అంటారు కొత్త మురిపెంలో ఉన్నవాళ్లు. పెట్టాం. స్లైడ్ తెరవగానే ఆ రిపోర్టు చూసే అనుమతి మీకు లేదు పొమ్మంది, అదీ డైరెక్టరుగారినే. అనుమతి ఇప్పించాం. ఉదయం ప్రాక్టీసులో ఒక అంకె, మధ్యాహ్నం మీటింగులో ఇంకో అంకె వచ్చింది. లైవ్ అంటే అదే కదా! కానీ అందరూ నన్ను దొంగలా చూశారు. ఆ లైవ్ డబ్బాలోనే ‘సేవ్ చేసిన బొమ్మగా చూపించు’ అనే సదుపాయం ఉందని ఎవరో కనిపెట్టారు. హమ్మయ్య అనుకున్నారు. మళ్లీ ఫొటో.

ఏఐ వ్యాఖ్యానం గురించి ఒక్క ముక్క చాలు: పొడుగు గీత పొడుగ్గా ఉందని రాస్తుంది.

మీటింగ్ నడుస్తుండగా సగంమంది ఫోన్లెత్తి తెరను ఫొటో తీస్తారు. ముందు కూర్చున్నాయన బట్టతలతో సహా అది వాట్సాప్ గ్రూపుకెక్కుతుంది. మర్నాడు జోనల్ ఆఫీసు నుంచి మెయిల్: ఈ ఫొటోలోని అంకెల్ని కొంచెం ఎక్సెల్‌లో కొట్టి పంపగలరా అని.

నిన్న సాయంత్రం మా మేనేజరుగారు నా సీటు దగ్గరికొచ్చారు. నారాయణపేట సంగతి చెప్పాను, ఈసారి పట్టికను తలకిందులు చేసి చిన్న అంకెల్ని పైన పెడదామన్నాను. ఆయన స్లైడ్ వంక చాలాసేపు చూశారు.

“అవన్నీ తర్వాత చూద్దాంలే గానీ, పక్కన ఆ బూడిదరంగు గీత ఏమిటి? అసహ్యంగా ఉంది. క్రాప్ చేసెయ్” అన్నారు.

చేసేశాను.