కంప్యూటర్ కాదంది!

మళ్లీ ఏఐ మేళం మొదలైంది. ఈసారి సంక్షేమ పథకాల్లో అనర్హుల్ని యంత్రమే ఏరేస్తుందట, మనిషి చెయ్యి తగలకుండా. చెయ్యి తగలకపోతే లంచం ఉండదు, సంతోషం. అడుగుదామంటే మనిషీ ఉండడు. ఆ సంగతి ఏ పవర్‌పాయింట్‌లోనూ కనిపించదు.

తెలంగాణ ఈ ముచ్చట ఎప్పుడో చూసేసింది. దాని పేరు ‘సమగ్ర వేదిక’. బండ్లు, ఆస్తులు, కరెంటు మీటర్ల జాబితాలన్నీ ఒకచోట పోసి, పేరూ చిరునామా దగ్గరగా ఉంటే ‘ఈ ఇద్దరూ ఒక్కరే’ అని తేల్చేస్తుంది.

పేర్లు! అదీ వాడకు నలుగురు లక్ష్ములుండే నేల మీద! ఇంటిపేరు ఒక కాగితంలో పూర్తిగా ఉంటుంది, ఇంకోదాంట్లో పొడి అక్షరం, మూడోదాంట్లో గాయబ్. ఆధార్ సెంటర్ కుర్రాడు ఇంగ్లిషులో ఎక్స్ కొడితే ఒక లక్ష్మి, కేఎస్‌హెచ్ కొడితే ఇంకో లక్ష్మి. పాతబస్తీలో సయ్యద్‌లు, మహమ్మద్‌ల సంగతి సరేసరి. పోస్ట్‌మ్యాన్ కూడా ‘ఏ లక్ష్మమ్మా, కిరాణా కొట్టు లక్ష్మేనా?’ అని అడిగిగానీ ఉత్తరం చేతికివ్వడు. యంత్రానికి ఆ మొహమాటం లేదు.

హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి ఇంటికి అలాగే కారొచ్చింది, రికార్డులో. కారు అలాంటి పేరే ఉన్న మరెవరిదో. కారున్నవాడికి రేషనెందుకని కార్డు పోయింది మాత్రం ఈయనది.

ఇక వెటకారం చాలు. హెల్మెట్ లేకుండా చౌరస్తా దాటితే ఫొటో, తేదీ, టైముతో సహా చలానా వస్తుంది. మనిషికి ఆరు కిలోల బియ్యం ఆపేటప్పుడు ఒక్క చీటీ లేదు. ఏ కారు? ఏ నంబరు? ఎవరు చూశారు? రేషన్ షాపులో ‘నీ కార్డు మిషన్ల వస్తలేదమ్మా’ అన్న మాటే నోటీసు. ఆ మాట చెప్పే డీలర్‌కూ కారణం తెలియదు. దొంగను పట్టుకున్నా ‘నువ్వేమంటావు’ అని అడిగే దేశంలో అన్నం తీసేసేటప్పుడు అడగరా?

2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్తేగానీ రద్దయిన సుమారు 19 లక్షల రేషన్ కార్డుల మీద విచారణకు తెలంగాణ ప్రభుత్వం కదల్లేదు. ఆ జులై దాకా చూసిన 2.05 లక్షల దరఖాస్తుల్లో 15,471 కుటుంబాలు అర్హమైనవేనని తేలింది. ఇలాంటి నిర్వాకానికే 2021లో నెదర్లాండ్స్ ప్రభుత్వం రాజీనామా చేసింది. ఇక్కడ సమాచార హక్కు కింద సాఫ్ట్‌వేర్ గుట్టు అడిగితే, అది కంపెనీ సొత్తన్నారు.

కొత్త ఏఐకీ టెండరు పిలుస్తారుగా. కార్డు తీసే ముందు కారణం రాసి, కింద ఒక అధికారి సంతకం పెట్టాలన్న నిబంధన అందులో చేర్చమనండి, చూద్దాం.